ఊపిరి బిగబట్టిన ఇంజను

చిల్కానగర్‌లో కనకరాజు ఇల్లెక్కడని అడిగితే ఎవరూ చెప్పలేరు. చెట్లు కోసే మిషన్లు బాగుచేసే ఆయన ఇల్లెక్కడని అడిగితే మాత్రం పాలప్యాకెట్లు వేసే మనిషి కూడా బండి ఆపి మరీ దారి చూపిస్తాడు. రెండు గదుల ఇల్లు, ముందు రేకుల షెడ్డు. షెడ్డుకీ లోపలి గదికీ మధ్య ఒకే గోడ. ఇవతల కనకరాజు పనిముట్లు, అవతల ఆయన భార్య వెంకటనర్సమ్మ మంచం. ఈ కథంతా ఆ గోడకి అటూ ఇటూ జరిగిందే.

కనకరాజుది ఆలేరు పక్కన పల్లె. ఇరవై ఏళ్ల వయసులో నాచారం వచ్చి ఒక పంపుల కంపెనీలో ఫిట్టరుగా చేరాడు. ఇరవై ఆరేళ్లు చేశాక కంపెనీ మూతపడింది. తోటివాళ్లంతా సెక్యూరిటీ గార్డులుగా పోతుంటే తనూ వెళ్లి యూనిఫాంకి కొలతలిచ్చి వచ్చాడు. ఆ వారంలోనే ఎవరో పాడైన కోత మిషన్ ఒకటి తెచ్చి ఇంటి ముందు పెట్టారు. ఊరికే కూర్చోలేక విప్పాడు. మూడో రోజుకి అది నడిచింది. యూనిఫాం కుట్టిన దర్జీ దగ్గరే ఉండిపోయింది. పదకొండేళ్ల కిందటి మాట ఇది.

ఆ మిషన్ల సంగతి తెలియనివాళ్లకి ఒక ముక్క చెప్పాలి. ఇంజను చూస్తే పిడికెడుంటుంది, పొగరు మాత్రం లారీ ఇంజనంత. మామూలు పానాలకి లొంగదు. ప్రతి పనికీ దానికంటూ ఒక ప్రత్యేకమైన సాధనం కావాలి. అవి కంపెనీవి కొనుక్కోవాలంటే పెద్ద షాపులవాళ్లకే సాధ్యం. కనకరాజు తన సాధనాలన్నీ తనే చేసుకున్నాడు. క్లచ్చు విప్పేటప్పుడు పిస్టన్ కదలకుండా ఉండాలి కదా, ప్లగ్గు రంధ్రంలోంచి నూలుతాడు లోపలికి దూర్చి పిస్టన్‌ని నొప్పి తెలియకుండా ఆపేవాడు. ఫ్లైవీల్ పీకడానికి నాచారంలో తెలిసినవాడి లేతు మీద మూడు కాళ్ల పుల్లరు తయారుచేసుకున్నాడు. దానికి నర్సమ్మ పెట్టిన పేరు కోడికాలు. కార్బురేటర్ మరకి సరిపడే స్క్రూడ్రైవర్ దొరక్కపోతే పాత రేడియో ఏరియల్ ముక్కని సుత్తితో కొట్టి ఆ ఆకారానికి తెచ్చాడు. కాయిల్‌కీ ఫ్లైవీల్‌కీ మధ్య ఉండాల్సిన సందుని పెళ్లికార్డు ముక్క పెట్టి కొలిచేవాడు. కార్డు మందంగా ఉన్నవాళ్ల పెళ్లికే ఈయన పోతాడని నర్సమ్మ చుట్టాల్లో చెప్పి నవ్వించేది.

ఆ ఇంట్లో వంటగదికి కూడా విశ్రాంతి లేదు. బేరింగు ఎక్కించాలంటే క్రాంకు షాఫ్టు చల్లబడాలి, దాని చుట్టూ ఉండే కేసు వేడెక్కాలి. షాఫ్టు పోయి ఫ్రిజ్‌లో పెరుగు గిన్నె పక్కన పడుకునేది. కేసు పెనం మీద కూర్చునేది. దోసెల్లో ఇంజనాయిల్ వాసన వస్తోందని నర్సమ్మ నెల రోజులు పోట్లాడి, చివరికి తనే వెళ్లి ఇంజన్లకని వేరే పెనం కొనుక్కొచ్చింది. ఆమె కోపం ఎప్పుడూ అట్లా ఏదో ఒక వస్తువు కొనడంతోనే తీరేది.

అన్నిటికంటే ముఖ్యమైన సాధనం చివరిది. ఇంజను మళ్లీ కూర్చాక అందులోంచి ఎక్కడా గాలి పోవడం లేదని తేల్చుకోవాలి. సన్నటి సందు ఒక్కటి ఉన్నా చాలు, మిషన్ వేడెక్కి పిస్టన్ గీసుకుపోతుంది. అందుకని కార్బురేటర్ వైపు, సైలెన్సర్ వైపు నోళ్లు రెండూ రబ్బరు ముక్కలతో మూసేసి, ప్లగ్గు రంధ్రానికి గొట్టం బిగించి, లోపలికి గాలి కొట్టి, ముల్లు నిలబడుతుందో లేదో చూస్తారు. ఆ పరికరాన్ని కనకరాజు జుమేరాత్ బజార్‌లో పాత సామాన్ల గుట్టలోంచి తెచ్చుకున్నాడు. అది బీపీ మిషన్. ఎప్పుడో మూతపడ్డ ఏదో నర్సింగ్ హోముది. మనుషుల చేతికి చుట్టే గుడ్డపట్టీ తీసేశాడు. చేతిలో పట్టి పిసికే రబ్బరు బుడ్డ, గాలి వదిలే చిన్న మర, ముల్లున్న గుండ్రటి డయల్ మిగిలాయి. ఎంతమంది ప్రాణం కొలిచిందో ఆ డయల్. ఇంజన్లని కూడా అంతే బుద్ధిగా కొలిచేది. రెండు వందల ఎనభై దాకా కొట్టి పది నిమిషాలు చూసి, ముల్లు కదలకపోతే మిషన్ ఇచ్చేవాడు. ఆ పది నిమిషాలు చూడకుండా పదకొండేళ్లలో ఒక్క మిషన్ ఆ షెడ్డు దాటలేదు. కనకరాజు పరువంతా ఆ పది నిమిషాల్లోనే ఉంది.

నోళ్లు మూసే రబ్బరు ముక్కలు కత్తిరించడం నర్సమ్మ పని. పాత స్కూటర్ ట్యూబు ఒళ్లో పెట్టుకుని, టీవీ చూస్తూ, గీత గీయకుండానే కత్తెర తిప్పేది. ముక్క మూతి మీద పెడితే అమిరిపోయేది. వంటింట్లోంచే మిషన్ శబ్దం విని, ఇంకా జర పెట్రోలు ఎక్కువ తాగుతుందని చెప్పేది. ఆమె చెప్పింది నిజమే అయ్యేది, ఆ సంగతి ఒప్పుకోవడానికి కనకరాజుకి సాయంత్రం దాకా పట్టేది.

మూడేళ్ల కిందట ఆమెకి ఊపిరితిత్తుల జబ్బు పట్టుకుంది. మెల్లగా గట్టిపడిపోతాయట. నెమ్మది చేయగలమే గాని వెనక్కి తిప్పలేమని దవాఖానాలో చెప్పారు. ఒక్కతే కూతురు కావ్య ఉప్పల్‌లో రక్తపరీక్షల ల్యాబులో పనిచేస్తుంది, అత్తవారిల్లు నాగోల్. ఆ పిల్లే తిరిగి తిరిగి గాలిలోంచి ఆక్సిజన్ తీసే మిషన్ తెచ్చి అమ్మ మంచం పక్కన పెట్టించింది. అప్పట్నుంచీ ఆ ఇంట్లో పగలనక రాత్రనక ఆ మిషన్ బుసబుసలే. ముక్కుకి సన్నటి గొట్టం, వేలికి ఆక్సిజన్ అంకె చూపించే క్లిప్పు. తొంభై పైన ఉంటే మంచిది, కింద ఉంటే కావ్యకి ఫోన్ చేయాలి.

ఏప్రిల్ నెలలో పీర్జాదిగూడ నుంచి ఉమామహేశ్వర్ తన మిషన్ తెచ్చాడు. పదిహేనేళ్లుగా చెట్లు కొట్టి బతుకుతున్న మనిషి. గాలివానలు మొదలయ్యే ముందు అపార్ట్‌మెంట్లవాళ్లు కొమ్మలు కొట్టిస్తారు, ఏడాదిలో ఆ రెండు నెలలే అతనికి అసలైన పని. బేరింగులు అరిగిపోయి మిషన్ మూలుగుతోంది. కనకరాజు మొత్తం విప్పి, ఫ్రిజ్‌లో పెట్టేది ఫ్రిజ్‌లో పెట్టి, పెనం మీద పెట్టేది పెనం మీద పెట్టి, నాలుగు రోజుల్లో కూర్చాడు. గాలి పరీక్షకి పాత రబ్బరు ముక్కలు చూస్తే పెళుసెక్కిపోయి ఉన్నాయి. కొత్తవి తనే కత్తిరించుకుందామని ట్యూబు తీశాడు. అలికిడి విని నర్సమ్మ లోపలికి పిలిచింది.

ఆమె కత్తెర పట్టి నెల దాటింది. ఆ రోజు మాత్రం దిండ్లకి ఆనుకుని కూర్చుని, రెండు ముక్కలు కత్తిరించింది. పూర్వం రెండు నిమిషాల పని, అరగంట పట్టింది. మధ్యమధ్య ఆగి కళ్లు మూసుకునేది. అయిపోయాక కత్తెర పక్కన పెట్టి, "ఇగ నాతోని గాదు" అంది. ఏడుస్తూ కాదు, వంట అయిపోయిందని చెప్పినట్టు చెప్పింది.

ఆ ముక్కలతో ఇంజను నోళ్లు మూసి, గోడకున్న కొక్కేనికి వేలాడదీసి, బుడ్డ పిసికాడు. ముల్లు రెండు వందల ఎనభై దగ్గర నిలబడింది. పది నిమిషాలు చూశాడు. నిలబడే ఉంది. ఎవరో పిలిస్తే వెళ్లి, అన్నం తిని, ఒక కునుకు తీసి సాయంత్రం వచ్చి చూస్తే అప్పుడూ అక్కడే ఉంది. ఇది జరిగే పని కాదు. ఎంత బాగా బిగించినా పూట గడిస్తే పదో ఇరవయ్యో దిగుతుంది, ఏమీ లేకపోతే పాత గొట్టమైనా కొంత గాలి వదులుతుంది. ముల్లు ఇరుక్కుందేమోనని గోరుతో కొట్టాడు. వణికి మళ్లీ అక్కడికే వచ్చింది. బుడ్డని కొంచెం నొక్కితే కొంచెం ఎక్కింది. ముల్లు మంచిదే. ఇంజనే గాలిని వదలడం లేదు.

అదే సాయంత్రం, మూడు రోజులుగా ముద్ద ముట్టని నర్సమ్మ మజ్జిగన్నం అడిగి తిన్నది. వేలి క్లిప్పులో తొంభై నాలుగు చూపించింది.

తెల్లారి ఉమామహేశ్వర్ వస్తాడు కదా అని కనకరాజు గాలి వదిలే మర మీద చెయ్యి వేశాడు. గోడ అవతల నర్సమ్మ దగ్గింది. ముల్లు వణికింది. ఒకే గోడకి ఇటు ఇంజను, అటు మంచం, దగ్గితే గోడ అదురుతుంది, ముల్లు వణుకుతుంది, ఇందులో వింతేమీ లేదు. కనకరాజు చెయ్యి మాత్రం తనంతట తనే వెనక్కి వచ్చేసింది. తెల్లారి వచ్చిన ఉమామహేశ్వర్‌కి ఒక పార్టు రాలేదని చెప్పి పంపాడు. పదకొండేళ్లలో మిషన్ గురించి ఆయన చెప్పిన మొదటి అబద్ధం అది.

మనిషి మనసు ఒకసారి ఒక వైపు ఒరిగిందంటే లెక్కలన్నీ అటే ఒరుగుతాయి. కనకరాజు ప్రతి ఉదయం ముందు షెడ్డులోకి వచ్చి ముల్లు చూసేవాడు, ఆ తర్వాతే లోపలికి వెళ్లి భార్య వేలి క్లిప్పు చూసేవాడు. తెల్లవారుజామున చల్లగా ఉంటుంది కదా, ముల్లు పది పాయింట్లు దిగి ఉండేది. ఆమెకీ ఉదయమే ఆయాసం. మధ్యాహ్నం రేకులు కాలి షెడ్డు పెనంలా అయ్యేసరికి ముల్లు ఎక్కేది. ఆమె కూడా కాస్త తేరుకునేది. వేడికి గాలి వ్యాకోచిస్తుందని బడిపిల్లలకి కూడా తెలుసు, ఇరవై ఆరేళ్లు ఫిట్టరు పని చేసిన మనిషికి తెలియదా? తెలుసు. తెలిసి కూడా ఉదయం పూట బుడ్డని రెండుసార్లు పిసికి ముల్లుని మళ్లీ రెండు వందల ఎనభైకి తెచ్చేవాడు. పిసికినప్పుడల్లా గోడ అవతల నర్సమ్మ చిన్నగా మూలిగినట్టు వినిపించేది. హాయిగా ఉందన్న మూలుగు అనుకునేవాడు.

ఎవరికీ చెప్పలేదు. చెప్తే నవ్వుతారని కాదు, చెప్తే పోతుందని భయం. గుళ్లో మొక్కుకున్నది బయటికి చెప్పరు చూడండి, అట్లాంటి భయం.

మే నెల సగమయ్యేసరికి ఆ డయల్ చుట్టూ వింత నియమాలు మొలిచాయి. గోడకి మేకు కొట్టకూడదు. షెడ్డు తలుపు గట్టిగా వేయకూడదు. కావ్య ఒక సాయంత్రం వచ్చి, చీపురు తీసుకుని షెడ్డు ఊడవబోతే అరిచినంత పని చేశాడు. ఆ పిల్ల తండ్రి ముఖం చూసి చీపురు అక్కడే పెట్టేసింది. అమ్మ సంగతికి నాన్న ఇట్లా అయిపోయాడనుకుని బాధపడింది గాని, ఎదురుగా వేలాడుతున్న ఇంజను వైపు చూడనేలేదు. దుమ్ము పట్టిన షెడ్డులో ఆ ఒక్క ఇంజను మాత్రం తుడిచి మెరుస్తూ ఉండేది. నోళ్లు రెండూ మూసుకుని, ఒంట్లో గాలి బిగబట్టి, ఎవరో ఏదో అనేదాకా ఆగినట్టుండేది. కొన్నిసార్లు కనకరాజు దాని వైపు వీపు తిప్పి పని చేయలేకపోయేవాడు.

డయల్ ఒక్కటే ఉన్నదాయె. అది ఆ ఇంజనుకే అంకితమైపోయాక మిగతా మిషన్లు పరీక్ష లేకుండానే వెళ్లాయి. నాగోల్‌లో నర్సరీ నడిపే తారామణి మిషన్ అట్లా వెళ్లిందే. వారం తిరక్కుండా వెనక్కి వచ్చింది. సిలిండర్ తీసి చూస్తే పిస్టన్ ఒక పక్కంతా గోళ్లతో రక్కినట్టు గీతలు. ఎక్కడో గాలి పోతోంది, పది నిమిషాలు ముల్లు చూసి ఉంటే దొరికేది. తారామణి కోప్పడలేదు. నీ చేతి మిషన్ వెనక్కి వచ్చుడు మొదటిసారి కదన్నా, ఇంట్ల వదిన ఎట్లుందని మాత్రం అడిగింది. కనకరాజుకి తల తీసేసినట్టయింది. కొత్త పిస్టన్ తన చేతి డబ్బుతో వేసి ఇచ్చాడు, దాన్ని కూడా పరీక్షించకుండానే.

ఉమామహేశ్వర్ ఐదుసార్లు వచ్చి వెళ్లాడు. సీలు రాలేదు, వచ్చింది సరిపోలేదు, ఇంకొకటి చెప్పాను అని కనకరాజు ఏదో ఒక సాకు చెప్పేవాడు. అతను ప్రతిసారీ సరే అన్నా అని వెళ్లిపోయేవాడు. అతను కోప్పడితే బాగుండునని కనకరాజు అనుకునేవాడు.

ఒక మధ్యాహ్నం నర్సమ్మకి గంజి తాగిస్తున్నాడు. ఆమె చెంచా పక్కకి జరిపి, ఆగి ఆగి మాట్లాడింది. "నన్ను జూసి ఎన్ని దినాలైంది నువ్వు? ముల్లు జూసి వస్తున్నవ్, ముల్లు జూసి పోతున్నవ్."

కనకరాజు గిన్నె కింద పెట్టేశాడు. మంచం మీంచి షెడ్డు కనపడదు. ఆక్సిజన్ మిషన్ బుసల్లో బుడ్డ పిసికిన చప్పుడు వినపడదు. ఏ ముల్లు, ఏం ముల్లని దబాయించబోయాడు. ఆమె తన రొమ్ము మీద చెయ్యి వేసుకుంది.

"పొద్దుగాల నువ్వు రెండుసార్లు పిసుకుతవ్ జూడు, గప్పుడు నాకు ఈడ బిగుసుకుంటది. పీల్చుడు కాదయ్యా నా బాధ, ఇడుసుడు. లోపలికి పోయింది పురాగ బయటికి ఎల్తలేదు. ఆ ఇంజను కట్టినకాన్నుంచి గిట్లనే ఉన్నది."

హాయి అనుకున్న ఆ మూలుగు ఏమిటో కనకరాజుకి అప్పుడు తెలిసింది. అయినా ఫిట్టరు కదా, నమ్మే ముందు పరీక్షించకుండా ఉండలేకపోయాడు. కళ్లు మూసుకుని పడుకోమని, ఏమైనా తేడా తెలిస్తే చెప్పమని, బయటికి వచ్చి ఇంజను ముందు నిలబడ్డాడు. మొదట ఏమీ చేయలేదు. ఊరికే నిలబడి గోడ మీది గడియారంలో మూడు నిమిషాలు లెక్కపెట్టాడు. లోపల చప్పుడు లేదు. ఇదంతా నా పిచ్చి, ఆమెది జబ్బు మనిషి భ్రమ అని కాస్త ధైర్యం వచ్చింది. అప్పుడు మరని ఒక పిసరు తిప్పాడు. చీమ నడిచినంత చప్పుడు కూడా కాలేదు. ముల్లు రెండు వందల అరవైకి జారింది.

"ఆ, గిప్పుడు జర సులువైంది" అంది నర్సమ్మ గోడ అవతల నుంచి.

మర బిగించేసి, కింద కూర్చుండిపోయాడు. ఎండ రేకుల మీంచి మాడు మీదికి దిగుతోంది, ఆయనకి మాత్రం పళ్లు టకటక కొట్టుకుంటున్నాయి. ముల్లు అక్కడ నిలబడి ఉన్నంతకాలం ఆమె ఉంటుందనుకున్నాడు. ఉంటోంది, నిజమే. కానీ ఎట్లా ఉంటోంది? నీళ్లలో ముంచి పట్టుకున్న మనిషి ఉన్నట్టు. పట్టుకున్నది తనే.

లోపలికి వెళ్లాడు. ఆమె చేతిని మంచం అంచు మీదికి జాపింది. ఆ చెయ్యి పట్టుకుని, ఇన్నాళ్లూ నోటికి రానివ్వని మాట చెప్పేశాడు. "ఇడిస్తె నువ్వు పోతవేమో నర్సమ్మా."

"పోతె పోత. నాకు బుగులు లేదు. గని నన్ను గిట్ల బిగబట్టి ఉంచకు."

చెప్పినంత సులువా! రెండు రోజులు ఆయన ఆ మర దగ్గరికి వెళ్లడం, వెనక్కి రావడం. బుడ్డ పిసకడం మానేశాడు. కానీ వదలలేదు. ఆమె మళ్లీ అడగలేదు. అడగకపోవడమే ఆయనకి నరకమైంది. ఆమె ఊపిరి లోపలికి పోతున్నప్పుడు వినపడేది, బయటికి వచ్చేటప్పుడు మధ్యలో ఎక్కడో ఆగిపోయి, మిగిలింది అట్లాగే ఉండగా మళ్లీ లోపలికి పోయేది. ఇన్ని రోజులు ఇది చెవిన పడలేదంటే తన చెవులు ఎక్కడున్నాయో అనుకున్నాడు.

రెండో రోజు సాయంత్రం ఈదురుగాలి వీచింది. తెల్లారి ఉమామహేశ్వర్ వచ్చాడు. కుడి అరచేతికి గుడ్డ కట్టు. పీర్జాదిగూడలో ఒక ముసలామె ఇంటి మీద వేపకొమ్మ విరిగి పడిందట, ఎవరిదో మిషన్ అడుక్కొచ్చి కోస్తుంటే అది వెనక్కి తన్నిందట. కొమ్మ ఇంకా సగం అట్లాగే ఇంటి మీద ఉందట. ఇదంతా చెప్పి, షెడ్డు గడప మీద కూర్చున్నాడు.

"అన్నా, పార్టులన్నీ వచ్చినయని నాకెర్కనే. నువ్వు అబద్ధమాడవు. ఆడుతున్నవంటె ఏదో ఉన్నది. గదేందో నాకు జెప్పకున్నా మంచిదే" అన్నాడు. మెరుస్తున్న ఇంజను అతనికి ఎదురుగానే వేలాడుతోంది. దానికేసి ఒకసారి చూసి, ఎందుకో గబుక్కున చూపు తిప్పేసుకున్నాడు.

కనకరాజు ఆ కట్టుగుడ్డనే చూస్తూ ఉండిపోయాడు. ఈ చెయ్యి ఇంకాస్త లోతుగా తెగి ఉంటే? ముల్లుని నిలబెట్టడానికి ఇంకెంతమంది చేతులు కావాలి? నాలుగు గంటలకి రా, మిషన్ తీసుకుపో అని చెప్పాడు.

మధ్యాహ్నం ఇంజనుని కొక్కెం నుంచి దించి, గొట్టంతో బుడ్డతో సహా రెండు చేతులా ఎత్తుకుని లోపలికి తెచ్చాడు. నర్సమ్మ మంచం పక్కన పీట మీద పెట్టాడు. గోడ అవతల నుంచి వదిలేసి దొంగలా ఉండలేనని, ఏది జరిగినా ఎదురుగా ఉంటానని ఆమెకి చెప్పాడు. కావ్యకి ఫోన్ చేద్దామా అంటే ఆమె వద్దని తలూపింది. డయల్‌ని అటు తిప్పి పెట్టాడు, తనకి కనపడకుండా. ఒక చేత్తో ఆమె చెయ్యి పట్టుకుని, ఇంకో చేత్తో మర వదులు చేశాడు. ఆమె ముఖంలోకే చూశాడు.

గాలి బయటికి వచ్చింది. సన్నటి చప్పుడుతో, ఎంతకీ అయిపోకుండా. ఆ పిడికెడు ఇంజనులో అంత గాలి పట్టే చోటు లేదు, అది కనకరాజుకి బాగా తెలుసు. అయినా వస్తూనే ఉంది. దానితో పాటే నర్సమ్మ ఊపిరి వదిలింది. రెండు చప్పుళ్లూ కలిసిపోయాయి, ఏది ఏదో తెలియలేదు. ఆమె భుజాలు దిగాయి, మెడ నరాలు దిగాయి, నుదుటి మీద నెల రోజులుగా ఉన్న ముడి విడిపోయింది. రెండు చప్పుళ్లూ ఒకేసారి ఆగిపోయాయి.

కనకరాజు కదలలేదు. ఆక్సిజన్ మిషన్ ఒక్కటే బుసకొడుతోంది.

అప్పుడు ఆమె గాలి పీల్చుకుంది. కడుపు నిండా, మధ్యలో తెగకుండా పీల్చుకుని, అట్లాగే పూర్తిగా వదిలింది. మళ్లీ పీల్చుకుంది. కళ్లు తెరిచి, ఏమైందయ్యా గట్ల జూస్తున్నవ్ అన్నట్టు చూసింది. డయల్ తిప్పి చూస్తే ముల్లు సున్నా మీద పడుకుని ఉంది.

సంతోషించాల్సింది పోయి కనకరాజు వెక్కి వెక్కి ఏడ్చాడు. ఆమె ముఖాన్ని ఆయన నిజంగా చూసింది అప్పుడే. పెదాలు నేరేడుపండు తిన్నట్టు నల్లబడ్డాయి. చెంపలు పీక్కుపోయాయి, మెడలో నల్లపూసలు ఎముకల మీద ఆనుతున్నాయి. ఇవన్నీ ఒక్కరోజులో జరిగినవి కావు. నెల రోజులు ఆమె కళ్లెదుటే కరిగిపోతుంటే తను గోడకి వేలాడే ముల్లుని కాపలా కాశాడు. ముల్లు పడిపోయినా ఆమె ఉంది, సరే. మరి ఇక ఆమెని పట్టి ఉంచడానికి తన చేతిలో ఏముంది? ఏమీ లేదు. ఆ సంగతి ఆయనకి దుఃఖంగా తెలిసింది, సిగ్గుగా కూడా తెలిసింది.

రబ్బరు ముక్కలు తీసి, కార్బురేటర్, సైలెన్సర్ బిగించేసరికి నాలుగైంది. ఉమామహేశ్వర్ ఎడమచేత్తోనే తాడు లాగాడు. రెండో లాగుకే మిషన్ అందుకుంది. లోపలి నుంచి నర్సమ్మ విని, మంచిగ నడుస్తున్నది, జర సన్నగ తిప్పమను అని చెప్పింది. కనకరాజు మారుమాట్లాడకుండా కార్బురేటర్ మర పావు వంతు తిప్పాడు. శబ్దం సర్దుకుంది. ఉమామహేశ్వర్ ఇన్నాళ్లు ఎందుకు ఆపావని అడగలేదు. వెళ్లేముందు మాత్రం, ఇది ఇన్ని రోజులు మీ ఇంట్లో ఉంటే నాకు రోజూ కలలోకి వచ్చిందన్నా, మాట్లాడదు, ఊరికే చూస్తూ ఉంటుంది అని చెప్పి, దాన్ని బండికి గట్టిగా కట్టుకుని వెళ్లిపోయాడు.

ఆ తర్వాత పదకొండు రోజులు షెడ్డు తెరవలేదు. తారామణి మిషన్ ఒక్కటి వెనక్కి తెప్పించి పరీక్షించి పంపాడు, మిగతా వాళ్లందరికీ రావద్దని చెప్పాడు. ఆయన తన మంచం తెచ్చి ఆమె మంచం పక్కన వేసుకున్నాడు. తల దువ్వాడు, గోళ్లు తీశాడు. ముప్పై రెండేళ్లు కాపురం చేసి, ఆమె ఎడమ కనుబొమ మధ్యలో ఒక చిన్న గాటు ఉందని అప్పుడే చూశాడు. ఎప్పటిదని అడిగితే పెళ్లికి ముందుదని, చింతకాయల కోసం రాయి విసిరితే తిరిగి తనకే తగిలిందని చెప్పింది. ఇద్దరూ నవ్వుకున్నారు. వేలి క్లిప్పు తీసేయమంటే తీసేసి కావ్య చేతిలో పెట్టాడు. కావ్య దాన్ని సంచిలో వేసుకుంది, ఆ రోజు నుంచి రాత్రిళ్లు అక్కడే ఉండిపోయింది.

పన్నెండో రోజు పొద్దున కావ్య వంటింట్లో చాయ్ పెడుతోంది. సన్నగా వాన పడుతోంది. నర్సమ్మ ఆయన వైపు తిరిగి పడుకుని ఉంది. పూర్తిగా, తొందర లేకుండా ఊపిరి వదిలింది. కనకరాజు ఆమె చెయ్యి పట్టుకుని తర్వాతి ఊపిరి కోసం చూశాడు. చాయ్ పొంగిన వాసన వచ్చింది, కావ్య గ్లాసులు పెట్టిన చప్పుడైంది. ఆయన ఆమె ముఖమే చూస్తూ కూర్చున్నాడు. గోడ వైపు ఒక్కసారి కూడా తల తిప్పలేదు.